కోటిరత్నం ఎడమ చెవి

1965 వానాకాలంలో నేను జొన్నలగుంట ఎలిమెంటరీ బడికి టీచరుగా వెళ్లాను. వెళ్లిన మూడో వారానికే కుడి చెవి పోటెత్తింది. సమితి ఆస్పత్రి డాక్టరుగారు వారానికి రెండు రోజులే ఆ ఊరు వచ్చేవారు. ఆయన నా చెవిలోకి లైటు వేసి చూసి, చుక్కల మందు ఇచ్చి, "మీ అంతట మీరు వేసుకోకండి. ఖుర్షిదమ్మ చేత వేయించుకోండి" అన్నారు.

ఆమె సాయంత్రం వచ్చింది. నలభై అయిదేళ్లుంటాయి. పొట్టి మనిషి, గట్టి చేతులు. నన్ను ఎడమ పక్కకి తిరిగి పడుకోమంది. సీసా మీద కాయితం చదివింది, డాక్టరు చీటీ చదివింది, మళ్లీ సీసా చదివింది. ఆ తర్వాత సీసాని గుప్పిట్లో పెట్టుకుని కూర్చుంది. ఇంటివాళ్లావిడ పెరట్లో ఏదో దంచుతుంటే, "కాస్త ఆ రోకలి ఆపమ్మా" అంది. రోకలి ఆగింది. వీధిలో పోతున్న బండి మలుపు తిరిగేదాకా కూడా ఆగింది. ఎక్కడా చప్పుడు లేదనుకున్నాక నా చెవి మీదికి మొహం వంచి, ఊపిరి బిగబట్టి, అలాగే ఉండిపోయింది.

నేను కళ్లు పైకెత్తి చూశాను.

"ఏం వింటున్నారు?" అన్నాను.

"ఏం లేదు టీచరుగారూ, అలవాటు" అని మొదటి చుక్క వేసింది.

ఆ అలవాటు ఎలా వచ్చిందో వారం తర్వాత, నా చెవి నెమ్మదించాక చెప్పింది. ఆ తర్వాత చాన్నాళ్లకి కోటిరత్నం కూడా చెప్పింది. ఇద్దరూ విడివిడిగా చెప్పిన మాటల్లో తేడా లేదు. తేడా ఉంటే నేను దీన్ని రాయకపోదును.

ఖుర్షిదా దూదేకులవాళ్ల పిల్ల. ఇంట్లో వాళ్లు మాట్లాడేదీ తెలుగే. పదహారో ఏట పెదకాకాని అబ్బాయి గౌస్ బాషాతో పెళ్లయింది. అతను గుంటూరులో పత్తి జిన్నింగు మిల్లులో పనిచేసేవాడు. మిల్లు దూది పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పాడై, పెళ్లయిన పదో ఏడు పోయాడు. పిల్లల్లేరు. మొగుడికి వైద్యం కోసం ఏ ఆస్పత్రి చుట్టూ తిరిగిందో ఆ ఆస్పత్రిలోనే ఆయాగా చేరింది. చెవి, ముక్కు, గొంతు వార్డులో వేశారు.

చేరిన రెండో నెలలో జరిగిన సంగతి ఆమె జీవితమంతా మర్చిపోలేదు. బల్ల మీద రెండు సీసాలు పక్కపక్కన ఉన్నాయి. రెండూ గోధుమరంగువే. ఒకటి చెవిలో వేసేది. రెండోది పులిపిర్లు కాల్చే మందు. ఖుర్షిదాకి అప్పటికి చదువు రాదు. చేతికందిన సీసా తీసి, చుక్కలు వేసే ఫిల్లరు నింపి, ఒక ముసలాయన చెవి మీద పెట్టింది. వార్డుకి అటు చివర గాయాలకి కట్లు కట్టే జక్రయ్య అది చూశాడు. కేక వెయ్యలేదు. కేక వేస్తే ఆమె ఉలిక్కిపడి చుక్క జారవిడుస్తుందని, చెప్పులు విడిచి, చప్పుడు లేకుండా నడిచి వచ్చి, వెనక నుంచి ఆమె మణికట్టు పట్టుకుని పక్కకి తీశాడు. చుక్క దుప్పటి మీద పడింది. పడిన చోట బట్ట నల్లబడి చిరిగిపోయింది. ముసలాయన కళ్లు మూసుకుని, "అయిందా అమ్మా?" అని అడిగాడు.

ఆ సాయంత్రం నుంచి జక్రయ్య ఆమెకి అక్షరాలు నేర్పాడు. సీసాలన్నిటి మీదా తెలుగులో కాయితాలు రాసి అంటించాడు. ఆమె పుట్టాక మొట్టమొదట కూడబలుక్కుని చదివిన మాట 'చెవి'.

పన్నెండేళ్లు అక్కడే చేసింది. 1958లో తల్లికి పక్షవాతం వస్తే చూసుకోవడానికి సొంతూరు జొన్నలగుంట వచ్చేసింది. సమితి డాక్టరుగారు ఆమె పని చూసి, చెవి మందు రాసిన వాళ్లందరినీ ఆమె దగ్గరికే పంపడం మొదలుపెట్టారు.

ఇక అసలు సంగతి 1961 ఫిబ్రవరి నెలాఖరుది. మిరపకోతలు ముమ్మరంగా ఉన్న రోజులు. ఊరి చుట్టూ కళ్లాలన్నీ ఎర్రగా పరుచుకుని, గాలి వీస్తే ఊరంతా తుమ్మేది. ఆ రోజుల్లో ఒక ఉదయం యలమందయ్య అనే రైతు తల్లి సుబ్బరావమ్మ, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని ఖుర్షిదా గుమ్మంలోకి వచ్చింది.

"మా కోడలి చెవిలో ఎవరో మాట్లాడుతున్నారంట, ఖుర్షిదమ్మా."

"ఎవరంటండీ?"

"చెప్పదు. సరిగ్గా పన్నెండయ్యేసరికి అందర్నీ వదిలేసి గదిలోకి పోయి, ఎడమ చెవి పైకి పెట్టి పడుకుంటది. ఊ కొడతది. ఒక్కోసారి నవ్వుతది. మా వాడు ఎవర్నో పిలిచి పసరు పోయించాడు. అప్పట్నుంచీ చీము. నిన్న డాక్టరుగారు చూసి మందూ, ఈ చీటీ ఇచ్చారు. నువ్వొచ్చి వెయ్యాలంట."

చీటీలో రాసి ఉంది: ఎడమ చెవి, నాలుగు చుక్కలు, రోజుకి మూడుసార్లు, ఏడు రోజులు.

కోటిరత్నానికి ఇరవై మూడేళ్లు. కనిగిరి వైపు మెట్ట ఊరి పిల్ల. పెళ్లయి నాలుగేళ్లయింది. ఆమె గదికి ఒకటే కిటికీ. కిటికీ అవతలే కళ్లం. ఎండ పడ్డ మిరపకాయల ఎరుపు గోడ మీద పడి గదంతా ఒక రకంగా కనపడింది ఖుర్షిదాకి. కోటిరత్నం కుడి పక్కకి తిరిగి నులక మంచం మీద పడుకుని ఉంది. మనిషి వచ్చిన అలికిడి విన్నా కదల్లేదు. కళ్లు మాత్రం తిప్పి చూసింది.

"పిన్నీ, ఆ మందు వేస్తే చెవి మూసుకుపోతుందా?"

"మూసుకుపోదు తల్లీ. చీము తగ్గితే ఇంకా బాగా వినపడుతుంది."

"బయటివి వినపడతాయి. లోపలివి?"

 ఖుర్షిదా వార్డులో ఎన్నో చెవులు చూసింది. చెవిలో వాన కురుస్తోందనేవాళ్లు, రైలు పోతోందనేవాళ్లు, తుమ్మెద ఉందనేవాళ్లు ఎంతోమంది. చీము పట్టిన చెవికి అలాంటివి మామూలే. లోపల ఎవరో మాట్లాడుతున్నారన్న మనిషిని మాత్రం చూడలేదు.

"లోపల ఎవరున్నారమ్మాయ్?" అంది మంచం పట్టె మీద కూర్చుంటూ.

కోటిరత్నం గుమ్మం వైపు చూసింది. అత్త లేదు. అప్పుడు చెప్పింది.

"మా అక్క. కొండమ్మ. నాకు ఎనిమిదేళ్లప్పుడు ఊళ్లో కలరా వచ్చింది. ఇద్దర్నీ ఒకే చాప మీద వేశారు. అక్క నాకు ఎడమ పక్కన. పొద్దంతా నా చెవిలో మాట్లాడుతూనే ఉంది. చిట్టీ, నిద్రపోకు. చిట్టీ, కళ్లు తెరువు. నేను కళ్లు మూసినప్పుడల్లా పిలిచేది. సాయంత్రం మా మామ వచ్చి అక్కని ఎత్తాడు. ఎత్తితే వంగలేదు పిన్నీ, కట్టెలా లేచింది. తెల్లవారకముందే పోయిందన్నారు. మరి పొద్దంతా నన్ను పిలిచిందెవరు?"

కళ్లంలో కూలీలు ఏదో పాట పాడుతున్నారు. అది ఎక్కడో దూరాన ఉన్నట్టు వినిపించింది ఖుర్షిదాకి.

"ఈ చెవి పోటు మొదలైన మూడో నాడు మళ్లీ వచ్చింది. అదే గొంతు. నన్ను చిట్టీ అనేది అదొక్కతే. ఈ ఊళ్లో ఆ పేరు ఎవరికీ తెలియదు." కోటిరత్నం చెవి మీద చెయ్యి కప్పుకుంది. "మందు పోస్తే అక్క మునిగిపోతుంది."

అబద్ధమని ఖుర్షిదా అనలేదు. నిజమనీ అనలేదు. "ఎప్పుడొస్తుందంటావు?"

"పన్నెండుకి. కాసేపుండి పోతుంది."

"అయితే ఆ వేళకి నేను వెయ్యను. పొద్దున ఒకసారి, అది వచ్చి పోయాక ఒకసారి, దీపాలు పెట్టే వేళకి ఒకసారి వేస్తాను. మూడు పూటలూ సరిపోతాయి. చీము మాత్రం ఉండనివ్వకూడదు తల్లీ. లోపలికి ఎముకలోకి దిగుతుంది. అలా దిగినవాళ్లని నేను చూశాను."

కోటిరత్నం చెవి మీంచి చెయ్యి తీసింది.

సుబ్బరావమ్మ మందు తెచ్చింది. చల్లటి చోట పెట్టమన్నారని ఆవిడ సీసాని మంచినీళ్ల కుండ కింద తడి ఇసకలో పాతిపెట్టింది. ఖుర్షిదా కాయితం చదివింది, చీటీ చదివింది. కాని మనసు ఇంకా ఆ చాప దగ్గరే ఉంది. ఇన్నేళ్లలో ఏ రోజూ మరవని పని ఆ రోజు మరిచిపోయింది. సీసాని గుప్పిట్లో పెట్టుకుని ఒంటి వేడికి తేవడం. అలాగే, ఇసకలోంచి తీసిన చల్లదనంతోనే, చుక్కలు వేసేసింది.

నాలుగో చుక్క పడీ పడగానే కోటిరత్నం కేక పెట్టింది. రెండు చేతులతో మంచం నులక పట్టుకుంది. కళ్లు తెరిచే ఉన్నాయి గాని నిలవడం లేదు. నల్లగుడ్లు రెండూ ఒక పక్కకి మెల్లగా జారి, టక్కున వెనక్కి ఎగిరి, మళ్లీ జారుతున్నాయి.

"లాగుతోంది! పిన్నీ, నన్ను చాప మీదికి లాగుతోంది! మంచం తిరగబడుతోంది, పట్టుకో!"

సుబ్బరావమ్మ గోడకి ఆనుకుని, "ఓలమ్మో, కళ్లు చూడండిరా!" అని అరిచింది. యలమందయ్య కళ్లంలోంచి పరిగెత్తుకొచ్చాడు. చేతుల నిండా కారం.

"నే చెప్తానే ఉన్నా, ఇది మందులకి లొంగేది కాదని! దాన్ని రెచ్చగొట్టావు నువ్వు!"

"బాబూ, ఆగండి. ఇది దయ్యం కాదు, నా తప్పు." ఖుర్షిదా కోటిరత్నం తలని రెండు చేతుల మధ్య కదలకుండా పట్టుకుని ఉంది. "మందు చల్లగా ఉంది. చల్లటి మందు చెవిలో పడితే కళ్లు ఇలాగే తిరుగుతాయి. కొంచెంసేపట్లో తగ్గుతుంది. నేను వెచ్చబెట్టకుండా వేశాను. అమ్మాయ్, నా ముక్కుపుడక చూడు. దాన్నే చూస్తూ ఉండు."

కోటిరత్నం చూడబోయింది. చూపు జారిపోయింది. మళ్లీ చూసింది. రెండు నిమిషాలకి కళ్లు నిలిచాయి. మూడో నిమిషంలో పక్కకి వంగి వాంతి చేసుకుంది. ఆ తర్వాత నీరసంగా పడుకుని, "పోయింది" అంది. ఏది పోయిందో ఎవరూ అడగలేదు.

యలమందయ్య గుమ్మంలో నిలబడే ఉన్నాడు. "తప్పు నీదని నువ్వే అంటున్నావా?"

"నాదే. సీసాని చేతిలో పెట్టుకుని కూర్చోవాలి. కూర్చోలేదు. రేపట్నుంచి ఎవరి చేతైనా వేయించుకుంటామంటే మీ ఇష్టం. ఎలా వెయ్యాలో చెప్పి వెళ్తాను."

అతను కారం చేతులు పంచెకి తుడుచుకున్నాడు. "ఎవరున్నారు వెయ్యడానికి? నువ్వే రా" అని కళ్లంలోకి వెళ్లిపోయాడు.

తరవాతి పూట నుంచి ఖుర్షిదా పని చూస్తూ సుబ్బరావమ్మ గుమ్మంలో కూర్చునేది. ముందు సబ్బుతో చేతులు కడుక్కునేది. సీసాని గుప్పిట్లో పెట్టుకుని, చెయ్యి చీర మడతల్లో దాచుకుని, అయిదు నిమిషాలకి పైగా కూర్చునేది. తర్వాత ఒక చుక్క తన మణికట్టు లోపలి వైపు వేసి చూసుకునేది. చల్లగానూ వేడిగానూ తెలియకపోతేనే సరి. చెవి బయటికి వచ్చిన చీముని ఉడకబెట్టి ఆరేసిన మెత్తటి గుడ్డతో తుడిచేది. లోపలికి పుల్ల గాని దూది గాని పోనిచ్చేది కాదు. చెవి పై అంచు పట్టి మెల్లగా పైకీ వెనక్కీ లాగేది. "పెద్దవాళ్లకి ఇలా. పసిపిల్లలకైతే కిందికీ వెనక్కీ లాగాలి. వాళ్ల దారి వేరు" అని ఒకసారి సుబ్బరావమ్మతో అంది. ఫిల్లరు మొన చెవికి తగలకుండా, చుక్క నేరుగా నడిమధ్యన కాకుండా పక్క గోడమీద పడి జారేలా వేసేది. రంధ్రం ముందుండే బుడిపెని వేలితో రెండు మూడుసార్లు మెల్లగా నొక్కేది. ఆ తర్వాత అయిదు నిమిషాలు కదలనిచ్చేది కాదు.

"చుక్క బయటికి కారకుండా ఇంత దూది కుక్కితే పోలా?" అంది సుబ్బరావమ్మ.

"కుక్కితే మందు దూదికే పోతుందండీ, చీము లోపలే ఉండిపోతుంది."

రెండో రోజు కళ్లు తిరగలేదు. పోటు కొంచెం తగ్గిందంది కోటిరత్నం. చెప్పేటప్పుడు మొహంలో సంతోషం లేదు.

"అక్క గొంతు ఇవాళ పక్కగదిలోంచి వచ్చినట్టుంది పిన్నీ."

మూడో రోజున, "చేను అవతలి గట్టు మీంచి పిలిచినట్టుంది" అంది. అంతలోనే, "పిలవడం కూడా మారింది. ఇంతకుముందు లే, లే అనేది. ఇవాళ, చిట్టీ, చూసుకో అంది. ఏం చూసుకోవాలి?"

ఖుర్షిదా ఆ రోజు ఇంటికొచ్చి తల్లికి గంజి తాగిస్తూ కూడా అదే మాట తలుచుకుంది. చూసుకో. ఆ ఎర్రటి గది తలుపు దగ్గరికి రాగానే తన అడుగులు నెమ్మదవుతున్నాయని ఆమెకి తెలుసు. లోపల ఇద్దరు ఉన్నారనిపించేది. ఒకరికి మందు వేస్తూ ఇంకొకర్ని వెళ్లగొడుతున్నట్టు ఉండేది.

నాలుగో రోజు మధ్యాహ్నం ఒంటిగంటన్నర దాటింది. కూలీలు అన్నాలకి పోయారు. కళ్లంలో ఎవరూ లేరు. సుబ్బరావమ్మ వసారాలో కునుకు తీస్తోంది. అంత ఎండలో కాకి కూడా అరవడం లేదు. కోటిరత్నం కళ్లు మూసుకుని పడుకుంది. ఆ రోజు పన్నెండుకి అక్క రాలేదంది. 

ఖుర్షిదా సీసా వెచ్చబెట్టింది. చెవి పైకి లాగి పట్టింది. మొదటి చుక్క జారవిడిచింది. రెండో చుక్క ఫిల్లరు మొనన ఉబ్బి వేలాడుతోంది.

"ఆ ఆపు."

ఆడపిల్ల గొంతు. చిన్నది. తన మొహానికి జానెడు దూరంలోంచి వచ్చింది.

ఖుర్షిదా చెయ్యి అక్కడే నిలిచిపోయింది. జక్రయ్య మణికట్టు పట్టుకున్న నాడు ఎలా నిలిచిందో అలా. కోటిరత్నం పెదవుల వైపు చూసింది. బిగించి ఉన్నాయి. గుమ్మం వైపు చూసింది. ఎవరూ లేరు. 

"అమ్మాయ్, ఇప్పుడు నువ్వేమన్నా అన్నావా?"

"లేదే." కోటిరత్నం కళ్లు తెరిచింది. గుటక వేసింది. మొహం చిట్లించింది. మళ్లీ గుటక వేసింది. "పిన్నీ, నోరు చేదుగా ఉంది. మందు గొంతులోకి దిగింది."

ఖుర్షిదా ఫిల్లరు పక్కకి తీసి, రెండో చుక్క నేల మీద పడనిచ్చింది. సీసా మూత బిగించింది. చెవిలో వేసిన మందు గొంతులో తెలిసిందంటే కర్ణభేరికి చిల్లు పడిందని ఆమెకి వార్డులో చెప్పారు. అలాంటి చెవిలో, డాక్టరు మళ్లీ చూసి చెప్పేదాకా, ఏ మందూ వెయ్యకూడదు. సమితి డాక్టరుగారు చూసిన నాడు చెవి నిండా చీమే. అడుగున ఏముందో కనపడే వీల్లేదు.

ఆమె చెవి వెనక వేలితో తాకి చూసింది. కోటిరత్నం గిలగిల్లాడింది. అక్కడ ఎముక మీద చర్మం మెత్తగా ఉబ్బి, వేడిగా ఉంది. పొద్దున లేదది.

యలమందయ్య వచ్చాక గొడవైంది.

"ఏడు రోజులన్నాడుగా డాక్టరు? నాలుగే అయినాయి. సగంలో ఆపితే ఎట్టా?"

"వెయ్యను బాబూ. చంపినా వెయ్యను. గుంటూరు తీసుకుపోవాలి. ఇప్పుడే బండి కట్టించండి."

"కళ్లం వదిలేసి ఇప్పుడా? ఎల్లుండి డాక్టరొస్తాడుగా."

"ఎల్లుండికి ఈ వాపు మెదడు దాకా పోతే ఎవరొచ్చీ లాభం లేదు. మీకు కళ్లం వదలడం కుదరకపోతే నేను తీసుకుపోతాను."

సుబ్బరావమ్మ లేచి, "ఒరేయ్, బండి కట్టరా" అంది. "ఖుర్షిదమ్మ తన తప్పు తనే చెప్పుకున్న మనిషి. ఆమె వద్దంటే వద్దు."

ఖుర్షిదా తన తల్లిని సుబ్బరావమ్మకి అప్పజెప్పి బయల్దేరింది. తారు రోడ్డు దాకా ఎడ్లబండి, అక్కడి నుంచి బస్సు. చీము బయటికి కారేలా ఎడమ చెవి కిందికి పెట్టి, తల తన ఒళ్లో పెట్టుకుని కూర్చుంది ఖుర్షిదా. మధ్యదారిలో కోటిరత్నానికి జ్వరం పెరిగింది. అక్కని పిలిచింది. జవాబు వచ్చిందో లేదో ఖుర్షిదాకి తెలియదు. తను మాత్రం బస్సు చప్పుడులో కూడా చెవి ఒగ్గి వింటూనే ఉంది.

గుంటూరు డాక్టరు చీమంతా శుభ్రం చేసి లోపల చూశాడు. చిల్లు పడి ఉంది. చెవి వెనక ఎముకలో చీము చేరింది. సీసా చేతిలోకి తీసుకుని, "ఇది నాలుగో రోజుకే ఆపారా? ఎవరాపారు?" అని అడిగాడు.

"నేనేనండి. గొంతులో చేదుగా ఉందంది."

"మంచిపని చేశారు. చిల్లులోంచి ఈ మందు ఇంకా దిగి ఉంటే లోపలి నరం దెబ్బతినేది. ఆ వాపుని ఇంకో రెండు రోజులు చూడకుండా వదిలేసి ఉంటే మనిషి దక్కేది కాదు."

ఆమె తల ఊపింది. చేదు సంగతి తెలియకముందే చెయ్యి ఆగిందని చెప్పలేదు.

మర్నాడు పొద్దున ఆపరేషను చేశారు. కోటిరత్నం పద్దెనిమిది రోజులు ఆస్పత్రిలో ఉంది. చీము ఆగిపోయింది. ఎడమ చెవికి వినికిడి చాలా మటుకు పోయింది. ఉరుము, తలుపు వేసిన చప్పుడు, అంతే. పన్నెండు గంటల మాట ఇక రాలేదు.

ఆరో రోజున ఖుర్షిదా ఆమెకి జావ తాగిస్తుంటే కోటిరత్నం కళ్లవెంట నీళ్లు కారాయి.

"చెవి పోయిందని ఏడవడం లేదు పిన్నీ. నాకు మాట చెప్పకుండానే పోయింది. ఆ రోజు పన్నెండుకి ఎంతసేపు చూశానో. రాలేదు."

అప్పటిదాకా ఎవరికీ చెప్పని మాట ఖుర్షిదా అప్పుడు చెప్పింది. చెప్పాలా వద్దా అని ఆరు రోజులు తనలో తను కొట్టుమిట్టాడింది. జబ్బుమనిషిని ఇంకా భయపెట్టినట్టవుతుందనీ అనుకుంది. చివరికి, ఆ మాట తనది కాదు, ఈ పిల్లదేనని తోచింది.

"రాలేదనకు. వచ్చింది. నీతో కాదు, నాతో అంది. ఆపమంది."

కోటిరత్నం జావ గిన్నె చేత్తో పక్కకి నెట్టింది. "ఎలా అంది? అన్నది అన్నట్టు చెప్పు."

"ఆ, ఆపు అంది."

"ఆ అని ఒకసారి విడిగా అందా?"

"అవును. మొదటి అక్షరం రెండుసార్లు పలికింది. భయపడి అలా అందనుకున్నాను."

 వార్డులో ఇటూ అటూ మంచాల మీద మనుషులున్నారు. పట్టపగలు. అయినా కోటిరత్నం దుప్పటి గడ్డం దాకా లాక్కుంది.

"అక్కకి నత్తి" అంది. "నా పేరొక్కటే తడబడకుండా అనేది. మిగిలిన మాటలన్నీ మొదటి అక్షరం రెండుసార్లు. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు నేను. అమ్మకి ఏడుపొస్తుందని మా ఇంట్లో ఆ మాట ఎత్తేవాళ్లు కాదు."

ఖుర్షిదా గిన్నె తీసి కింద పెట్టింది. చేతులు చీర మడతల్లో దాచుకుంది. ఆమెకి భయం వేసింది. ఆ గదిలో వెయ్యనంత భయం ఈ వెలుతురులో వేసింది. కాని కోటిరత్నం మాత్రం ఆ రోజు జావంతా తాగింది. సాయంత్రం లేచి కూర్చుని తల దువ్వమంది.

ఇంటికి వెళ్లాక ఆమె మామూలు మనిషైంది. ఎదుటివాళ్లకి కుడి పక్క ఇచ్చి కూర్చోవడం నేర్చుకుంది. ఇద్దరు పిల్లలు పుట్టారు. పెద్దదానికి చెవిపోటు వచ్చినప్పుడు ఎవరినీ పసర్లు పొయ్యనివ్వలేదు. కనిగిరి వైపు పుట్టింటికి వెళ్లి, కొండమ్మని పూడ్చిన చోటు ఎక్కడో కనుక్కుని చూసి వచ్చింది. ఇవన్నీ నాకు ఆమే చెప్పింది. చెప్పేటప్పుడు గొంతు మామూలుగానే ఉంది. "నన్ను రెండుసార్లు బతికించింది టీచరుగారూ. మొదటిసారి నాకు చెప్పి, రెండోసారి పిన్నికి చెప్పి" అంది.

ఖుర్షిదా తల్లి 1963లో పోయింది. తర్వాత కూడా ఆమె ఆ ఊళ్లోనే ఉండిపోయింది. ఎవరి చెవిలో చుక్క వెయ్యాలన్నా ముందు చుట్టూ చప్పుడు ఆపించేది. ఒంగి వినేది. "ఇంకెప్పుడైనా వినపడిందా?" అని అడిగాను.

"లేదండీ. వినపడకూడదనే వింటాను. అయినా వినడం మానితే ధైర్యం చాలదు."

1968లో నాకు సింగరాయకొండకి బదిలీ అయింది. సామాను ఉందని యలమందయ్య బండి పంపించాడు. తారు రోడ్డు దాకా సాగనంపడానికి కోటిరత్నం కూడా వచ్చి నా పక్కన కూర్చుంది. పత్తి తీతలైపోయి చేలన్నీ మోళ్లతో ఉన్నాయి. కనుచూపు మేర మనిషి లేడు. ఇద్దరం పిల్లల సంగతేదో మాట్లాడుకుంటున్నాం. మధ్యదారిలో ఉన్నట్టుండి ఆమె మాట ఆపి, బండివాడి భుజం తట్టింది. బండి ఆగింది. దిగి, గట్టు మీద నిలబడి, చేలోకి చూస్తూ, వినపడని ఎడమ చెవి అటు తిప్పింది.

"ఎవరో పిలిచినట్టయింది. మీకు వినపడిందా?"

నాకు వినపడలేదు. ఆ మాటే చెప్పాను. బండివాడు కూడా లేదన్నాడు.

"సరే, పదండి" అని ఎక్కి కూర్చుంది. రోడ్డు చేరేదాకా మళ్లీ పిల్లల సంగతే చెప్పింది. బస్సు పావుగంట ఆలస్యంగా వచ్చింది. నా ట్రంకు పెట్టె పైకి అందించి, బస్సు కదిలేదాకా అక్కడే నిలబడింది.